కొన్ని చెట్లను కొలిచి అడవి లెక్క చెప్పడం

అటవీ శాస్త్రంలో వినిపించే అంకెల్లో ఎక్కువ భాగం లెక్కపెట్టినవి కావు, అంచనా వేసినవి. నల్లమల లాంటి అడవిలో ఎన్ని చెట్లున్నాయి, వాటి కలప ఎన్ని ఘనమీటర్లు, అది ఏటా ఎంత పెరుగుతోంది, ఎన్ని పులులు తిరుగుతున్నాయి అన్న ప్రశ్నల్లో దేనికీ ప్రతి చెట్టునూ ప్రతి జంతువునూ పట్టి చూసి జవాబు చెప్పలేరు. విస్తీర్ణం లక్షల హెక్టార్లు. చెట్లు కోట్లు. కొండలు, లోయలు, ముళ్లపొదలు నడకకు అడ్డం. జంతువులు మనిషి అలికిడికే తప్పుకుంటాయి. పైగా చాలా చెట్ల ఆయుష్షు వాటిని పరిశోధించే వారి ఉద్యోగకాలం కన్నా ఎక్కువ. అందువల్ల కొద్ది భాగాన్ని చూసి మొత్తం సంగతి చెప్పాల్సి వస్తుంది. ఆ కొద్ది భాగాన్ని ఎలా ఎంచుకోవాలి, దాన్నిబట్టి చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్న రెండు ప్రశ్నలకు జవాబిచ్చేది గణాంకశాస్త్రం. కొలతలు పూర్తయ్యాక సగటులు కట్టిపెట్టడంతో దాని పని ముగియదు. అసలు పని అడవిలో అడుగుపెట్టక ముందే మొదలవుతుంది.

మేకులు, వెదురు ముక్కలు

18వ శతాబ్దపు జర్మనీలో యోహాన్ గాట్లీబ్ బెక్‌మన్ అడవుల లెక్కకు ఒక పద్ధతి పెట్టాడు. కొందరు మనుషులు బారుగా నిలబడి, పక్కపక్కనే అడవిలోకి నడుస్తారు. వాళ్ల దగ్గర రంగురంగుల మేకులున్న పెట్టెలుంటాయి. చెట్టు పరిమాణాన్నిబట్టి ఒక్కో తరగతికి ఒక్కో రంగు. దారిలో తగిలిన ప్రతి చెట్టుకూ దాని తరగతి మేకు కొడతారు. చివరికి పెట్టెల్లో మిగిలిన మేకులను మొదట ఇచ్చిన సంఖ్యలోంచి తీసేస్తే ఏ తరగతి చెట్లు ఎన్నో తేలిపోతుంది. మేకున్న చెట్టును మళ్లీ లెక్కించే భయం లేదు. చిన్న అడవికి ఇది చక్కటి పద్ధతే, కానీ విశాలమైన అడవులకు పనికిరాదు.

1856లో దిగువ బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత తీసుకున్న డీట్రిచ్ బ్రాండిస్‌కు ఈ చిక్కే ఎదురైంది. ఆయన ఏనుగు మీద ప్రయాణిస్తూ ఎడమ చేతిలో నాలుగు వెదురు ముక్కలు పట్టుకునేవాడు. టేకు చెట్లను లావును బట్టి నాలుగు తరగతులుగా విడదీసుకుని, చెట్టు కనబడగానే ఆ తరగతి వెదురు మీద చాకుతో గాటు పెట్టేవాడు. దారికి అటూ ఇటూ కనబడిన చెట్ల లెక్కతో ఆ ప్రాంతంలోని టేకు మొత్తాన్ని, ఏటా ఎన్ని కొట్టవచ్చో అంచనా కట్టాడు. ఈ బ్రాండిసే 1864లో భారత అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. మొత్తాన్ని చూడకుండా ఒక గీత వెంట చూసి లెక్క చెప్పడమనే ఆలోచన అటవీ శాస్త్రంలో ఇలా తొలినాళ్లలోనే చోటుచేసుకుంది.

దీన్ని దేశమంతటికీ వర్తింపజేసినవి కలప మీద ఆధారపడిన ఉత్తర ఐరోపా దేశాలు. నార్వే 1919లో, స్వీడన్ 1923లో జాతీయ అటవీ గణన మొదలుపెట్టాయి. ఫిన్లండ్‌లో యుర్యో ఇల్వెస్సాలో నాయకత్వంలో 1921 నుంచి 1924 దాకా తొలి గణన జరిగింది. దేశాన్ని అడ్డంగా కోసే సమాంతర రేఖలు గీసి, రేఖకూ రేఖకూ మధ్య 26 కిలోమీటర్లు వదిలి, ఆ రేఖల వెంటే నడిచి కొలిచారు. రేఖ ఎటు పోతే అటే పోవాలి. చిత్తడి నేల వచ్చిందని, చెట్లు పలచగా ఉన్నాయని దారి మళ్లించకూడదు. బ్రాండిస్ ప్రయాణానికీ ఈ నడకకూ ఉన్న తేడా ఇదే. ఎక్కడ కొలవాలో కొలిచేవారి సౌలభ్యానికి వదలకుండా, నియమానికి కట్టేశారు.

భారతదేశంలో నమూనా సర్వేలకు గట్టి పునాది వేసినది ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1931లో భారత గణాంక సంస్థను నెలకొల్పిన ఆయన, ఆ దశకంలోనే బెంగాల్ జనపనార సాగు విస్తీర్ణాన్ని నమూనా సర్వేలతో అంచనా కట్టే పని చేపట్టారు. అడవుల విషయంలో 1965లో అటవీ వనరుల ముందస్తు పెట్టుబడి సర్వే మొదలైంది. అదే 1981 జూన్‌లో డెహ్రాడూన్ కేంద్రంగా భారత అటవీ సర్వే సంస్థగా మారింది.

ప్లాటులో జరిగే పని

నమూనా ప్లాటు అంటే కొలత కోసం అడవిలో గుర్తించిన చిన్న ముక్క. భారత అటవీ సర్వే సంస్థ చాలాకాలం వాడినది 0.1 హెక్టారు చతురస్రం. బృందం మ్యాపులో ముందే నిర్ణయించిన బిందువుకు చేరుకుంటుంది. అక్కడి నుంచి నాలుగు మూలల వైపు 22.36 మీటర్ల చొప్పున కొలిస్తే, భుజం 31.62 మీటర్లుండే చతురస్రం ఏర్పడుతుంది. నేల వాలుగా ఉంటే ఆ దూరాన్ని నేల వెంట కాకుండా సమతలంలో లెక్కగట్టాలి. లేకపోతే కొండవాలు మీది ప్లాట్లన్నీ ఉండాల్సినదానికన్నా చిన్నవై, చెట్ల లెక్క తగ్గిపోతుంది.

తర్వాత చెట్ల కొలత. భారతదేశంలో చెట్టు లావును రొమ్ము ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర టేపు చుట్టి కొలుస్తారు. వాలు మీద చెట్టుకు ఎగువ వైపు నిలబడి ఈ ఎత్తు చూసుకోవాలి. ఆ ఎత్తుకు దిగువనే రెండుగా చీలిన చెట్టును రెండు చెట్లుగా రాస్తారు. చెట్టు మొదలు దగ్గర పలకల్లాంటి వేర్లు లేచి ఉంటే ఆ ఉబ్బు దాటాక కొలుస్తారు. ప్లాటు అంచు మీద నిలిచిన చెట్టు లోపలిదా బయటిదా అన్న దానికీ నియమం ఉంటుంది. ఇవి చాదస్తాలుగా కనిపించవచ్చు. కానీ అంచు మీది ప్రతి చెట్టునూ లోపలే వేసుకునే అలవాటు ఒక్క బృందానికి ఉన్నా, ఆ జిల్లా కలప లెక్క మొత్తం పెరిగిపోతుంది.

దోషాల్లో రెండు రకాలను ఇక్కడ వేరుచేసి చూడాలి. టేపు చదవడంలో ఒకసారి కొంచెం ఎక్కువ, ఒకసారి కొంచెం తక్కువ వస్తే ప్లాట్లు పెరిగేకొద్దీ అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. టేపే సాగిపోయి ప్రతిసారీ తక్కువ చూపిస్తే, లక్ష చెట్లు కొలిచినా ఆ లోటు అలాగే ఉంటుంది. మొదటిది యాదృచ్ఛిక దోషం. రెండోది ఒకవైపే మొగ్గే దోషం. నమూనా పెంచితే మొదటిది తగ్గుతుంది, రెండోది తగ్గదు. దారి పక్కన, గెస్ట్‌హౌస్‌కు దగ్గరలో, నీడ బాగున్నచోట ప్లాట్లు వేయడం కూడా రెండో రకం దోషమే. అందుకే ప్లాటు స్థానాన్ని లాటరీ పద్ధతిలోనో, గళ్ల పటం మీదనో ముందే నిర్ణయిస్తారు. 2016 నుంచి దేశంలో అటవీ గణన 5 కిలోమీటర్ల గళ్ల ఆధారంగా, ఐదేళ్ల చక్రంలో సాగుతోంది.

ఎన్ని ప్లాట్లు సరిపోతాయి?

పెద్ద అడవికి ఎక్కువ ప్లాట్లు, చిన్న అడవికి తక్కువ ప్లాట్లు కావాలనిపించడం సహజం. లెక్క అలా ఉండదు. ఎన్ని ప్లాట్లు కావాలన్నది ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ప్లాటుకూ ప్లాటుకూ మధ్య ఎంత తేడా ఉంది, అంచనా ఎంత బిగువుగా కావాలి. ప్లాట్ల మధ్య తేడా సగటులో 50 శాతం ఉన్న అడవిలో, 95 శాతం భరోసాతో అటూ ఇటూ 10 శాతం లోపు అంచనా కావాలంటే సుమారు 100 ప్లాట్లు చాలు. అడవి 10,000 హెక్టార్లయినా లక్ష హెక్టార్లయినా ఈ సంఖ్యలో పెద్ద తేడా రాదు. 10,000 హెక్టార్ల అడవిలో 0.1 హెక్టారు ప్లాట్లు వంద వేస్తే కొలిచింది 10 హెక్టార్లు, అంటే వెయ్యో వంతు మాత్రమే.

కానీ 10 శాతాన్ని 5 శాతానికి తగ్గించాలంటే 200 ప్లాట్లు సరిపోవు, 400 కావాలి. దోషం ప్లాట్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి సగం దోషానికి నాలుగింతల శ్రమ. ఆ శ్రమను తప్పించే ఉపాయం అడవిని ముందుగానే తరగతులుగా విడదీయడం. వాగుల వెంట దట్టమైన చెట్లు, వాలుల మీద ఓ మాదిరి చెట్లు, రాతి కొండల నెత్తిన పలచని చెట్లు ఉన్నాయనుకుంటే, మూడింటినీ ఒకే కుప్పగా చూసినప్పుడు తేడా ఎక్కువగా కనిపిస్తుంది. విడదీసి చూస్తే ఒక్కో తరగతి లోపల తేడా తక్కువ. తేడా ఎక్కువున్న తరగతికి ఎక్కువ ప్లాట్లు, తక్కువున్న దానికి తక్కువ ప్లాట్లు కేటాయిస్తే అదే ఖర్చుతో బిగువైన అంచనా వస్తుంది. దీన్నే స్తరిత ప్రతిచయనం అంటారు. ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాక ఈ విభజన తేలికైంది.

లావు చెట్టుకు ఎక్కువ అవకాశం

1948లో ఆస్ట్రియా అటవీ అధికారి వాల్టర్ బిటర్లిచ్ ప్లాటు గీయకుండానే కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఒక మీటరు పొడవున్న కర్ర చివర 2 సెంటీమీటర్ల వెడల్పు పలక ఉంటుంది. కర్ర రెండో చివరను కంటి దగ్గర పెట్టుకుని, ఉన్నచోటే నిలబడి చుట్టూ ఒక్కసారి తిరగాలి. రొమ్ము ఎత్తులో పలక కన్నా వెడల్పుగా కనబడిన చెట్లను మాత్రమే లెక్కించాలి. అలా లెక్కకు వచ్చిన ఒక్కో చెట్టు, హెక్టారుకు ఒక చదరపు మీటరు కాండచ్ఛేద (రొమ్ము ఎత్తులో కాండం అడ్డుకోత) వైశాల్యానికి సమానం. పద్దెనిమిది చెట్లు లెక్కకొస్తే హెక్టారుకు 18 చదరపు మీటర్లు. టేపు అక్కర్లేదు.

దీని కిటుకు నిష్పత్తిలో ఉంది. 2 సెంటీమీటర్లకు 1 మీటరు అంటే ఒకటికి యాభై. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న చెట్టు 15 మీటర్ల దూరం దాకా లెక్కకొస్తుంది, 60 సెంటీమీటర్లది 30 మీటర్ల దాకా. ప్రతి చెట్టుకూ దాని లావును బట్టి దానికో ప్లాటు ఏర్పడుతున్నట్టే. చెట్టు కాండచ్ఛేదం, దాని చుట్టూ ఉన్న ఆ వృత్తంలో సరిగ్గా పదివేలో వంతు. హెక్టారుకు పదివేల చదరపు మీటర్లు కాబట్టి లెక్క చెట్టుకు ఒకటిగా తేలుతుంది. కలపలో ఎక్కువ వాటా లావు చెట్లదే కనుక, వాటికి ఎక్కువ అవకాశమిచ్చే ఈ పద్ధతిలో తక్కువ శ్రమతో మంచి అంచనా వస్తుంది.

పరిమాణాన్నిబట్టి ఎంపిక అవకాశం మారినప్పుడు ఫలితాన్ని ఎలా సరిదిద్దాలన్న ప్రశ్నకు విస్తృతమైన సిద్ధాంత రూపమిచ్చినవారిలో ముఖ్యులు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు. ఎవరిని చూశామన్నది వాళ్లు కనబడే అవకాశం మీద ఆధారపడితే, చూసినవారి సగటు అందరి సగటు కాదు. సి.ఆర్. రావు 1965లో దీనికి సాధారణ రూపం ఇచ్చారు. 1978లో జి.పి. పాటిల్‌తో కలిసి రాసిన వ్యాసంలో వన్యప్రాణుల లెక్కకు దాన్ని అన్వయించారు. విమానం నుంచి జంతువులను లెక్కించేటప్పుడు పెద్ద గుంపు తేలిగ్గా కంటబడుతుంది, ఒంటరి జంతువు తప్పిపోతుంది. కనబడిన గుంపుల సగటు పరిమాణాన్ని అలాగే తీసుకుంటే నిజం కన్నా ఎక్కువ వస్తుంది. ఎంత ఎక్కువ వస్తుందో తెలిస్తే సరిదిద్దవచ్చు.

నరకకుండా బరువు తెలుసుకోవడం

చెట్టును నరికి, ముక్కలు చేసి తూచితే దాని బరువు కచ్చితంగా తెలుస్తుంది, కానీ చెట్టు మిగలదు. అందుకని కొన్ని చెట్లను మాత్రమే నరికి తూచి, వాటి లావు, ఎత్తులకూ బరువుకూ ఉన్న సంబంధాన్ని సమీకరణంగా రాస్తారు. మిగతా చెట్లకు ఆ సమీకరణాన్ని వాడతారు. ఒకదాన్నిబట్టి ఇంకొకదాన్ని అంచనా వేసే ఈ విధానం పేరు ప్రతిగమన విశ్లేషణ.

2014లో జెరోమ్ షావ్ బృందం ఉష్ణమండలంలోని 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్ల వివరాలతో ఇలాంటి సమీకరణం ప్రచురించింది. కలప సాంద్రత, వ్యాసం వర్గం, ఎత్తు మూడింటినీ గుణించి, ఆ లబ్ధాన్ని 0.976 ఘాతానికి హెచ్చించి, 0.0673తో గుణిస్తే నేల పైభాగం పొడి బరువు కిలోగ్రాముల్లో వస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం, 18 మీటర్ల ఎత్తు, ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాముల సాంద్రత ఉన్న చెట్టుకు లెక్కిస్తే అది సుమారు 525 కిలోలు. అందులో కర్బనం 47 శాతంగా తీసుకుంటే దాదాపు 247 కిలోలు. కర్బన నిల్వల మీద, కార్బన్ క్రెడిట్ల మీద జరిగే చర్చలన్నిటి వెనుకా ఇలాంటి సమీకరణమే ఉంటుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. వ్యాసానికి వర్గం ఉంది కాబట్టి దాన్ని 5 శాతం తక్కువగా కొలిస్తే బరువు దాదాపు 10 శాతం పడిపోతుంది. సమీకరణం సాధారణంగా సంవర్గమానాల్లో కడతారు. దాన్ని మామూలు సంఖ్యల్లోకి తిప్పేటప్పుడు సవరణ గుణకం వాడకపోతే అంచనా తక్కువగా వస్తుంది. 1972లో బాస్కర్‌విల్ ఎత్తి చూపాక ఈ సవరణ ఆనవాయితీ అయింది. మూడోది, నరికి తూచిన చెట్లన్నీ ఒక పరిమాణం లోపువైతే, వాటి సమీకరణాన్ని అంతకన్నా మహావృక్షాలకు వాడడం ఊహాగానమే.

ప్రయోగం మొదలుపెట్టే ముందు

ఏ విత్తనం మేలు, ఏ ఎరువు పనిచేస్తుంది, మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉంచాలి లాంటివి ప్రయోగంతోనే తేలుతాయి. నేల అంతటా ఒకేలా ఉండదు. మంచి నేలలో పడిన రకం గెలిచినట్టు కనిపిస్తుంది. ఈ చిక్కుకు రోనాల్డ్ ఫిషర్ ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పరిష్కారం చూపాడు. ప్రతి రకాన్నీ ఒకటికి మించి చోట్ల వేయాలి. ఏది ఎక్కడన్నది లాటరీతో తేల్చాలి. నేలను ఒకే తీరున్న ఖండాలుగా విడదీసి, ప్రతి ఖండంలోనూ అన్ని రకాలూ ఉండేలా చూడాలి.

అడవిలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ వేల్స్‌లోని బెడ్‌గెలర్ట్ కొండవాలు. అక్కడ 1929లో ఐదు జాతులను, సిట్కా స్ప్రూస్, నార్వే స్ప్రూస్, జపాన్ లార్చ్, కంటోర్టా పైన్, బీచ్‌లను, ఐదు వరసలు, ఐదు నిలువుల గళ్లలో నాటారు. ప్రతి వరసలోనూ ప్రతి నిలువులోనూ ఒక్కో జాతి ఒక్కసారే వస్తుంది. దీని పేరు లాటిన్ చతురస్రం. పైకి పోయేకొద్దీ, పక్కకు జరిగేకొద్దీ గాలి, ఎత్తు ప్రభావాలు మారినా అన్ని జాతుల మీదా సమానంగా పడతాయి. ఏళ్లు గడిచాక కొండ ఎదురుగా నిలబడి చూస్తే ఆ గళ్లు చెట్ల ఎత్తుల తేడాతో స్పష్టంగా కనిపించేవి. ఆ ఛాయాచిత్రాన్ని గణాంకశాస్త్ర పుస్తకాలు తరచూ ముద్రిస్తుంటాయి.

వరి ప్రయోగం తప్పితే మరో సీజనులో మళ్లీ వేసుకోవచ్చు. టేకు ప్రయోగంలో తప్పు ఇరవై ఏళ్లకు బయటపడితే దిద్దుకునే వీలుండదు. అందుకే అటవీ ప్రయోగాల్లో రూపకల్పనకు ఇంత విలువ. జామాయిల్ ఇందుకు తెలుగు నేల మీది ఉదాహరణ. 1980ల చివర భద్రాచలం కాగిత పరిశ్రమ మంచి చెట్లను ఏరి, కొమ్మ ముక్కల నుంచి క్లోన్లు పెంచే పని మొదలుపెట్టింది. ఏరిన చెట్టు గొప్పగా ఉండడానికి దాని వారసత్వం కారణమా, నిలబడిన నేల కారణమా అన్నది చూపులకు తెలియదు. దాని క్లోన్‌ను వేర్వేరు నేలల్లో, తగినన్ని పునరావృత్తులతో నాటి పోల్చినప్పుడే తెలుస్తుంది. వంద క్లోన్లలో మొదటి ఏడాది అగ్రస్థానంలో నిలిచినది తర్వాతి ప్రయోగంలో కొంత వెనక్కి తగ్గడం మామూలే. ఆ మొదటి గెలుపులో సత్తాతోపాటు అదృష్టం కూడా కలిసి ఉంటుంది. ఎంపికలో ఈ తగ్గుదలను ముందే లెక్కలోకి తీసుకునే పద్ధతులు చెట్ల ప్రజననంలో వాడుకలో ఉన్నాయి.

ఇంకో సాధారణ పొరపాటును 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ వెలుగులోకి తెచ్చాడు. నిప్పంటుకున్న ఒక అడవిలో యాభై ప్లాట్లు, అంటుకోని ఒక అడవిలో యాభై ప్లాట్లు వేసి పోలిస్తే నమూనా వందగా కనిపిస్తుంది. నిజానికి పోల్చింది రెండే అడవులను. వాటి మధ్య తేడాకు మంట కాక నేల, వాన, మేత ఏదైనా కారణం కావచ్చు. హర్ల్‌బర్ట్ పరిశీలించిన జీవావరణ ప్రయోగాల్లో 27 శాతంలో ఈ నకిలీ పునరావృత్తి ఉంది.

కంటబడని జంతువుల లెక్క

పులి పాదముద్రను గాజు పలక మీద గీసుకుని, ముద్రలను పోల్చి పులులను లెక్కించడం భారతదేశంలో దశాబ్దాలపాటు సాగింది. ఒడిశాకు చెందిన సరోజ్ రాజ్ చౌధురి 1960లలో రూపొందించిన పద్ధతి ఇది. ముద్ర నేలను బట్టి, నడక వేగాన్ని బట్టి మారుతుంది. పైగా అన్ని పులులూ ముద్ర వదిలి ఉంటాయన్న భరోసా లేదు. 2005 నాటికి రాజస్థాన్ సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని తేలడంతో ఈ లెక్కల మీద నమ్మకం పోయింది. కర్ణాటక నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ 1990ల తొలినాళ్లలోనే కెమెరాలతో ప్రత్యామ్నాయం చూపారు.

పులి చారలు మనిషి వేలిముద్రల్లా ఏ రెండింటికీ కలవవు. అడవిలో కెమెరాలు అమర్చితే మొదటి విడత 20 పులులు, రెండో విడత 24 పులులు పడ్డాయని, ఆ 24లో 15 మొదటి విడతలోవేనని అనుకుందాం. రెండో విడత పులుల్లో ఎనిమిదింట ఐదు వంతులు ముందే కనబడినవి. అంటే మొదటి విడతలో పడిన 20 కూడా మొత్తంలో సుమారు ఎనిమిదింట ఐదు వంతులే అయి ఉండాలి. ఆ లెక్కన మొత్తం 32. రెండు విడతల్లో కలిపి కనబడినవి 29. కనబడని మూడింటినీ కూడా లెక్కలోకి తెచ్చింది గణాంకశాస్త్రం.

దేశవ్యాప్త పులుల గణన 2006 నుంచి ఈ సూత్రం మీద నడుస్తోంది. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ అభయారణ్యాల్లోనూ ఇదే పద్ధతి. 2018లో 26,838 చోట్ల కెమెరాలు పెట్టగా వచ్చిన మూడున్నర కోట్ల చిత్రాల్లో పులులవి 76,651. వాటిలో తేలిన వేర్వేరు పులులు 2,461. కెమెరాకు చిక్కనివాటినీ కలిపి వేసిన అంచనా 2,967. 2022లో ఆ అంచనా 3,682. దీనికి తోడుగా 3,167 నుంచి 3,925 వరకు అన్న హద్దులనూ ప్రకటించారు. ఆ హద్దులు లేని అంకెకు సగం విలువే.

వైవిధ్యానికి సంఖ్య

రెండు అడవుల్లోనూ పది జాతుల చెట్లున్నాయి. ఒకదానిలో అన్నీ సమానంగా ఉన్నాయి. రెండోదానిలో వందకు 91 టేకులే, మిగతా తొమ్మిది జాతులవి ఒక్కో చెట్టు. జాతుల సంఖ్య రెండింటికీ ఒకటే అయినా వైవిధ్యం ఒకటి కాదు. 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ దీనికొక కొలబద్ద ఇచ్చాడు. కళ్లు మూసుకుని రెండు చెట్లను ముట్టుకుంటే అవి ఒకే జాతివి కావడానికి ఎంత అవకాశముందో చూడాలి. మొదటి అడవిలో అది 0.1, రెండోదానిలో దాదాపు 0.83. ఈ సంఖ్య పెరిగితే వైవిధ్యం తగ్గినట్టు.

సింప్సన్ సూచీకి అన్ని జాతులూ ఒకదానికొకటి సమాన దూరం. నల్లమద్ది, తెల్లమద్ది సగం సగం ఉన్న వనం, నల్లమద్ది, వెదురు సగం సగం ఉన్న వనం దాని దృష్టిలో ఒకటే. మద్దులు రెండూ ఒకే ప్రజాతివి, వెదురు గడ్డి కుటుంబానిది. ఈ తేడాను కూడా లెక్కలోకి తెచ్చే కొలమానాన్ని 1982లో సి.ఆర్. రావు ప్రతిపాదించారు. యాదృచ్ఛికంగా ఎంచిన రెండు చెట్ల మధ్య సగటున ఎంత వ్యత్యాసముందో అది చెబుతుంది. చెట్ల లక్షణాలను, వంశావళిని బట్టి అడవులను పోల్చే జీవావరణ పరిశోధకులు దీన్ని ఆయన పేరుతోనే వాడుతున్నారు.

ఉపగ్రహ పటం చెప్పేది

దేశ అటవీ విస్తీర్ణం ఉపగ్రహ చిత్రాల నుంచి వస్తుంది. చిత్రంలోని ప్రతి గడినీ అడవి, అడవి కానిది అని వర్గీకరిస్తారు. ఏ గడి ఏ వర్గానికి దగ్గరో తేల్చే సాధనాల్లో మహలనోబిస్ 1936లో ఇచ్చిన దూరమానం ఒకటి. ఒక హెక్టారుకు మించిన నేల మీద చెట్ల ఛత్రం 10 శాతమో అంతకు మించో ఉంటే, అది ఎవరి సొత్తయినా, ఏ వాడకంలో ఉన్నా అటవీ ఆచ్ఛాదనే. మామిడి తోటలు, కోనసీమ కొబ్బరి తోటలు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. భారత అటవీ సర్వే సంస్థ 2023 నివేదిక ప్రకారం ఇది 7,15,343 చదరపు కిలోమీటర్లు, దేశ భూభాగంలో 21.76 శాతం.

పటంలో కొన్ని గడులు తప్పుపడతాయి. 2021 నివేదికలో అడవిని, అడవి కానిదాన్ని వేరుచేయడంలో కచ్చితత్వం 95.79 శాతం. ఈ తప్పుల ఫలితం ఎలా ఉంటుందో చిన్న లెక్కతో చూడవచ్చు. 1,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో పటం 300ను అడవిగా చూపింది. నేల మీద తనిఖీ చేస్తే అడవిగా చూపినదాంట్లో 90 శాతం నిజంగా అడవి. కాదని చూపినదాంట్లో 5 శాతం కూడా అడవే. అప్పుడు నిజమైన అంచనా 270కి 35 కలిపి 305. ఒకవైపు తప్పులు ఇంకోవైపు తప్పులను చాలావరకు పూడ్చాయి. ఎప్పుడూ ఇలా పూడుతుందన్న హామీ లేదు. కాబట్టి గడులు లెక్కించడంతో ఆగకుండా, తనిఖీ నమూనాతో విస్తీర్ణాన్ని సరిదిద్ది, దోష హద్దులతో చెప్పడం ఇప్పుడు మేలైన పద్ధతిగా గుర్తింపు పొందింది.

రెండేళ్ల మార్పును చదివేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. 2023 నివేదికలో దేశ అటవీ ఆచ్ఛాదన నికర పెరుగుదల 156 చదరపు కిలోమీటర్లు. మొత్తంలో అది 0.02 శాతం. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 647, తెలంగాణకు 632 చదరపు కిలోమీటర్ల పెరుగుదల నమోదై, దేశంలో మొదటి రెండు స్థానాలూ వీటికే దక్కాయి. ఇంత పెద్ద మొత్తం మీద ఇంత చిన్న తేడాను బట్టి అడవి పెరిగిందని గాని తరిగిందని గాని చెప్పాలంటే, ఆ తేడాకున్న దోష హద్దులు తెలియాలి. పెరిగినది సహజారణ్యమా, తోటలా అన్నది మరో ప్రశ్న. దానికి విస్తీర్ణం అంకె జవాబివ్వదు.

పక్క చెట్టు కొత్త సంగతి చెప్పదు

గణాంకశాస్త్రంలోని చాలా సూత్రాలు కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుంటాయి. అడవిలో అది నిజం కాదు. పక్కపక్క ప్లాట్లకు నేల ఒకటే, వాన ఒకటే. కాబట్టి రెండో ప్లాటు చెప్పే కొత్త విషయం కొంచెమే. దూరం పెరిగేకొద్దీ పోలిక ఎలా సన్నగిల్లుతుందో స్వీడన్ అటవీ గణాంకవేత్త బెర్టిల్ మాటెర్న్ 1960లో సూత్రీకరించాడు. అడవి కోసం పుట్టిన ఆ సూత్రం నేడు వాతావరణం, గనులు, యంత్రాభ్యసనం వరకు పాకింది.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2020లో పియర్ ప్లొటాన్ బృందం మధ్య ఆఫ్రికా అడవుల్లో చూపింది. ఉపగ్రహ సమాచారంతో చెట్ల జీవద్రవ్యాన్ని అంచనా వేసే ఒక నమూనాను మామూలు పద్ధతిలో పరీక్షిస్తే, తేడాల్లో సగానికి పైగా అది వివరిస్తున్నట్టు కనిపించింది. కానీ నేర్చుకున్న చోటుకు పక్కనే ఉన్న ప్లాట్లతో పరీక్షించినందువల్లే ఆ విజయం. దూరంగా ఉన్న ప్లాట్లతో పరీక్షించేసరికి దాని శక్తి దాదాపు సున్నా. కంప్యూటర్ గీసిన పటం ఎంత అందంగా ఉన్నా, ఎలా పరీక్షించారో అడగాల్సిందే.

మార్పును కొలవడం

అడవి పెరుగుదల, చెట్ల మరణాలు, వాతావరణ మార్పు ప్రభావం తెలియాలంటే అదే అడవిని మళ్లీ మళ్లీ కొలవాలి. ప్రతిసారీ కొత్త ప్లాట్లు వేస్తే రెండు అంచనాల దోషాలూ తేడాలోకి చేరతాయి. ఒక్కో అంచనాకు 5 శాతం దోషముంటే తేడాకు దాదాపు 7 శాతం. అవే చెట్లను గుర్తుపెట్టి మళ్లీ కొలిస్తే, రెండు కొలతలూ కలిసి కదులుతాయి కాబట్టి దోషం బాగా తగ్గుతుంది. సహసంబంధం 0.9 ఉంటే అది 2.2 శాతానికి దిగుతుంది. శాశ్వత ప్లాట్ల విలువ ఇక్కడే తెలుస్తుంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల తొలినాళ్లలో 50 హెక్టార్ల ప్లాటు వేశారు. తమిళనాడు ముదుమలైలో ఆర్. సుకుమార్ బృందం 1988లో అంతే విస్తీర్ణంలో ప్లాటు వేసి, ఒక సెంటీమీటరు వ్యాసానికి మించిన ప్రతి కాండానికీ నంబరు కట్టింది. మంటలు, ఏనుగులు, కరువుల నడుమ ఏ చెట్టు బతికింది, ఏది పోయింది అన్న చరిత్ర అక్కడ చెట్టు చెట్టుకూ ఉంది.

ఇలాంటి ప్లాట్ల కొలతలు ఒకచోట చేరితే ప్రపంచం మొత్తానికీ అంచనా కట్టవచ్చు. 2015లో థామస్ క్రౌథర్ బృందం నాలుగు లక్షలకు పైగా నేల ప్లాట్ల వివరాలను ఉపగ్రహ సమాచారంతో కలిపి, భూమి మీద దాదాపు 3.04 లక్షల కోట్ల చెట్లున్నాయని అంచనా వేసింది. అంతకుముందు చెలామణిలో ఉన్న అంకె 40 వేల కోట్లు. ఏడింతలకు మించిన ఈ తేడాకు కారణం చెట్లు పెరగడం కాదు. ముందరి అంచనాలో నేల మీది కొలతల ఆధారం అంతగా లేకపోవడమే.

అడవి గురించిన ఏ అంకెనైనా తూచేందుకు కొన్ని ప్రశ్నలు చాలు. ప్లాట్లను ఎవరు ఎలా ఎంచారు, దేన్ని అడవిగా, దేన్ని చెట్టుగా లెక్కించారు, కంటికి కనబడనివాటికి సవరణ చేశారా, సమీకరణం ఏ చెట్ల నుంచి వచ్చింది, హద్దులు ఎంత. ఈ వివరాలన్నీ ఫలితం వచ్చాక కల్పించగలిగినవి కావు, ముందే నిర్ణయించాల్సినవి. పరిశోధన ప్రణాళిక రాసేనాడే గణాంకవేత్తను పక్కన కూర్చోబెట్టుకోవాలని అటవీ పరిశోధన సంస్థలు పట్టుబట్టేది అందుకే.